ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్, సైనిక మ్యూజియం సరిగ్గా చూడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఇండియా గేట్ చూడటానికి వెళ్ళి, పక్కనే ఉంది కదా అని వార్ మెమోరియల్‌లో ఓ పావుగంట తిరిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఇంటికొచ్చాక వాళ్ళే అడుగుతుంటారు: ఏ వేళకు వెళ్ళాల్సింది? లోపల ఏది ముందు, ఏది తర్వాత? మా ఊరి జవాను పేరు ఎక్కడ ఉంటుంది? పాలంలోని ఎయిర్ ఫోర్స్ మ్యూజియం కూడా అదే రోజు అవుతుందా? ఆ ప్రశ్నలన్నిటికీ ఇక్కడ వరుసగా జవాబులున్నాయి.

నేను గట్టిగా చెప్పే సలహా ఒకటుంది. ఒక పేరు పట్టుకుని వెళ్ళండి. వేల పేర్లున్న గోడల మధ్య ఉత్తినే నడిస్తే పది నిమిషాల్లో కళ్ళు అలసిపోతాయి. ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్తే ప్రతి గోడనూ శ్రద్ధగా చూస్తారు. కింది ఏర్పాట్లన్నీ ఆ పేరు చుట్టూనే ఉంటాయి.

## 1. ఎవరి పేర్లు ఎక్కడ ఉంటాయో ముందు తేల్చుకోండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాకు వెళ్ళి తిరిగి రాలేదని, ఆయన పేరు కోసం ఢిల్లీ దాకా వెళ్ళి నిరాశపడి వచ్చిన కుటుంబాలున్నాయి. బయలుదేరే ముందే ఈ మూడింటిలో మీకు కావలసింది ఏదో చూసుకోండి.

నేషనల్ వార్ మెమోరియల్: 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు ఇక్కడ ఉంటాయి. 1947-48 కశ్మీర్, 1962, 1965, 1971 యుద్ధాలు, సియాచిన్, శ్రీలంక, 1999 కార్గిల్, ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో మరణించినవారు ఇందులోకి వస్తారు. ప్రారంభం నాటికే 25,942 పేర్లు ఉన్నాయి. ఆ తర్వాత కూడా చేరుతూనే ఉన్నాయి.

ఇండియా గేట్: 1931లో పూర్తయింది. దీని మీద ఉన్నవి మొదటి ప్రపంచ యుద్ధం, మూడో ఆఫ్ఘన్ యుద్ధం నాటి పేర్లు. ఎత్తులో ఉండటం వల్ల చాలా పేర్లు కింద నుంచి చదవలేరు.

రెండో ప్రపంచ యుద్ధం: ఆ కాలపు సైనికుల వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉంటాయి. వాళ్ళ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. సమాధి లేదా స్మారకం ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉందో, కోహిమాలో ఉందో, ఇంఫాల్‌లో ఉందో, సింగపూర్‌లో ఉందో అక్కడ తెలుస్తుంది. ముందు అది చూడండి, తర్వాతే రైలు టికెట్ తీయండి.

ఇంకో సంగతి. ఇండియా గేట్ కింద వెలిగిన అమర్ జవాన్ జ్యోతి 2022 జనవరి 21న వార్ మెమోరియల్ జ్యోతిలో కలిసింది. పాత ఫోటోలు చూసి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ గేటు కిందే వెతుకుతుంటారు.

## 2. ఒక పేరు, ఒక పోరాటం ఎంచుకోండి

మీ కుటుంబంలోనో ఊళ్ళోనో అమరుడైన జవాను ఉంటే ఆయన పేరే తీసుకోండి. లేకపోతే మనకు తెలిసిన ఒకరిని ఎంచుకోండి. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌గా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో అమరుడయ్యారు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో 2 రాజ్‌పుతానా రైఫిల్స్ తరఫున పోరాడి ప్రాణాలిచ్చారు. ఇద్దరికీ మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

ఎంచుకున్నాక ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- పూర్తి పేరు. ఇంగ్లీషు స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా రాసుకోండి
- ర్యాంకు
- రెజిమెంట్ లేదా యూనిట్
- తెలిస్తే సర్వీస్ నంబర్
- మరణించిన సంవత్సరం, ఆపరేషన్ లేదా యుద్ధం పేరు

స్పెల్లింగ్ గురించి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, మన ఇంటిపేర్లతో వచ్చే ఇబ్బంది అంతా ఇంతా కాదు. రికార్డుల్లో ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంగా ముందుంటుంది, ఒకచోట చివరికి పోతుంది, ఒకచోట అసలు ఉండదు. "శ్రీనివాస్", "శ్రీనివాసరావు", "శ్రీనివాసులు" ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలిసిందే. సర్వీస్ నంబర్ ఉంటే ఈ గొడవంతా ఉండదు. జవాను కుటుంబానికి మీరు తెలిసినవాళ్ళయితే మర్యాదగా అడిగి తీసుకోండి. మీరు వెళ్తున్నట్టు వాళ్ళకు తెలియడం కూడా మంచిదే.

## 3. రోజు, వేళ

ప్రవేశం ఉచితం. వేళలు కాలాన్ని బట్టి మారతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఉదయం 9 నుంచి రాత్రి 7:30 వరకు, నవంబర్ నుంచి మార్చి దాకా ఉదయం 9 నుంచి సాయంత్రం 6:30 వరకు. బయలుదేరే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

నా లెక్కలో మంచి వేళ మధ్యాహ్నం దాటాక. చలికాలంలో మూడు గంటలకు, ఎండాకాలంలో నాలుగున్నరకు లోపలికి వెళ్ళండి. సూర్యాస్తమయానికి కాస్త ముందు జరిగే రిట్రీట్ (జెండాలు దించే కార్యక్రమం) దాకా ఉండండి. మే, జూన్‌లో మధ్యాహ్నం వెళ్ళడం మాత్రం వద్దు. ఢిల్లీ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పేర్ల గోడలన్నీ ఆరుబయటే, పైగా రాయి వేడి కక్కుతుంటుంది.

జనవరి రెండో సగంలో వెళ్ళాలనుకుంటే జాగ్రత్త. రిపబ్లిక్ డే పరేడ్, దాని రిహార్సల్స్ వల్ల కర్తవ్య పథ్ చుట్టుపక్కల దారులు మూసేస్తారు. జనవరి 26 ఉదయం ప్రధాని పుష్పగుచ్ఛం ఉంచేది కూడా ఈ స్మారకంలోనే. ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్నా దర్శనానికి వేరే తేదీ పెట్టుకోండి.

మెట్రోలో వచ్చేవాళ్ళు సెంట్రల్ సెక్రటేరియట్, ఖాన్ మార్కెట్, సుప్రీం కోర్ట్ స్టేషన్లలో ఎక్కడైనా దిగొచ్చు. అక్కడి నుంచి ఆటో తీసుకోండి. ఆదివారం సాయంత్రం ఇండియా గేట్ దగ్గర రద్దీ విపరీతం, కాబట్టి అరగంట అదనంగా పెట్టుకోండి.

## 4. తీసుకెళ్ళాల్సినవి, వదిలేయాల్సినవి

- ప్రభుత్వ గుర్తింపు కార్డు (మ్యూజియానికి తప్పనిసరి అనుకోండి)
- పేరు వివరాలు రాసిన కాగితం. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఇది ఉంటుంది
- మంచినీళ్ళు, టోపీ
- నడవడానికి వీలైన చెప్పులు లేదా బూట్లు
- చిన్న నోటుబుక్కు, పెన్ను

పెద్ద బ్యాగులు, ట్రాలీలు, తినుబండారాల సంచులు హోటల్లోనే వదిలేయండి. గేటు దగ్గర సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది. సామాను ఎక్కువైతే ఆ టెన్షన్‌తోనే లోపలికి అడుగుపెడతారు. డ్రోన్ ఊసే ఎత్తొద్దు.

## 5. లోపల నడిచే వరుస

స్మారకం ఒకదాని లోపల ఒకటిగా నాలుగు చక్రాలు. బయట నుంచి లోపలికి రక్షక్ చక్ర, త్యాగ చక్ర, వీరతా చక్ర, నడుమ అమర్ చక్ర. వీటికి కాస్త పక్కగా పరమ్ యోధా స్థల్ ఉంటుంది. ఎక్కువమంది నేరుగా జ్యోతి దగ్గరికి వెళ్ళి ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. అలా చేస్తే చూడటానికి ఇంకేం మిగలదనిపిస్తుంది. జ్యోతిని చివరికి ఉంచుకోండి.

5.1 ముందు పరమ్ యోధా స్థల్ (35 నిమిషాలు)

ఇక్కడ పరమవీర చక్ర పొందిన 21 మంది కాంస్య ప్రతిమలున్నాయి. ఆ పతకం ఇంతవరకు 21 మందికే వచ్చింది. అందులో 14 మందికి మరణానంతరమే. చదవాల్సింది ఎక్కువ కాబట్టి వెలుతురు బాగా ఉన్నప్పుడే చూడాలి.

అందరి వివరాలూ చదవబోతే ఏదీ గుర్తుండదు. ముగ్గురిని ఎంచుకోండి. నేనైతే వీళ్ళను చెబుతాను: 1947 నవంబర్‌లో బడ్గాంలో చేతికి పిండికట్టుతోనే పోరాడి మరణించి, మొట్టమొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ, వాయుసేన నుంచి ఈ పతకం అందుకున్న ఒకే ఒక్కడు ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్, గంగాసాగర్ దగ్గర ప్రాణాలిచ్చిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా. సెఖోన్ పేరు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి, మర్నాడు మ్యూజియంలో మళ్ళీ పని పడుతుంది.

5.2 తర్వాత వీరతా చక్ర (30 నిమిషాలు)

పైకప్పు ఉన్న గ్యాలరీ ఇది. ఆరు కంచు కుడ్యశిల్పాలున్నాయి: తిత్వాల్, రెజాంగ్ లా, గంగాసాగర్, లోంగేవాలా, ఆపరేషన్ ట్రైడెంట్, ఆపరేషన్ మేఘదూత్. ఉన్న వరుసలో కాకుండా కాలక్రమంలో చూడమని నా సలహా. 1948 తిత్వాల్‌తో మొదలుపెట్టి, 1962 రెజాంగ్ లాకు రండి. అక్కడ మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావూన్‌కు చెందిన ఒక్క కంపెనీ నవంబర్ 18న దాదాపు ఆఖరి మనిషి దాకా పోరాడింది. ఆ తర్వాత 1971కి చెందిన మూడూ (గంగాసాగర్, లోంగేవాలా, ఆపరేషన్ ట్రైడెంట్) చూసి, 1984 సియాచిన్‌తో (ఆపరేషన్ మేఘదూత్) ముగించండి.

లోంగేవాలా శిల్పం దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. రాత్రంతా శత్రు ట్యాంకులను నిలువరించింది 23 పంజాబ్ జవాన్లు. తెల్లవారగానే ఆ ట్యాంకుల పని పట్టింది జైసల్మేర్ నుంచి ఎగిరిన హంటర్ విమానాలు. నేల మీద వాళ్ళు, గాల్లో వీళ్ళు అన్నది మనసులో పెట్టుకుంటే మ్యూజియంలో హంటర్‌ను చూసే చూపే వేరుగా ఉంటుంది.

5.3 త్యాగ చక్ర (45 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ)

చక్రవ్యూహం ఆకారంలో 16 గోడలు. ఒక్కో సైనికుడికి ఒక్కో గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు. మీరు తెచ్చుకున్న పేరు ఉండేది ఇక్కడే. వెతికే పద్ధతి కింద 6లో చెప్పాను.

పేరు దొరికాక తొందరపడకండి. పక్కనున్న నాలుగైదు పేర్లు కూడా చదవండి. ఒకే యూనిట్ పేరు వరుసగా కనిపిస్తే ఆ రోజు ఎంతమంది కలిసి పోయారో అర్థమవుతుంది.

5.4 రక్షక్ చక్ర (10 నిమిషాలు)

బయటి వలయంలో వరుసలు తీరిన చెట్లు. సరిహద్దు కాసే జవాన్లకు గుర్తుగా నాటారు. కాసేపు నీడన నడిచి, నీళ్ళు తాగి, మళ్ళీ లోపలికి రండి.

5.5 చివరగా అమర్ చక్ర

నడుమ స్తంభం, దాని పాదం దగ్గర జ్యోతి. రిట్రీట్‌కు అరగంట ముందే ఇక్కడికి చేరుకోండి.

## 6. గోడ మీద పేరు పట్టుకునే పద్ధతి

1. ఇంట్లోనే వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో ఆ పేరు వెతకండి. దొరికిన వివరాలన్నీ కాగితం మీద ఎక్కించండి.
2. స్మారకంలో పేర్లు వెతికే డిజిటల్ తెరలు ఉంటాయి. లోపలికి వెళ్ళగానే అవి ఎక్కడున్నాయో అడగండి.
3. పూర్తి పేరుతో దొరక్కపోతే సగం పేరుతో చూడండి. తర్వాత ఇంటిపేరుతో, తర్వాత రెజిమెంట్, సంవత్సరంతో.
4. అప్పటికీ దొరక్కపోతే అక్కడి సిబ్బందికి కాగితం చూపించండి. నోటితో చెప్పే తెలుగు పేరు వాళ్ళకు సరిగ్గా వినపడకపోవచ్చు, కాగితం చూపిస్తే పని సులువవుతుంది.
5. దొరికాక పలకను, చుట్టూ ఉన్న గోడను కలిపి ఒక ఫోటో, పలకను దగ్గరగా ఒక ఫోటో తీయండి. గోడ కనిపించే ఫోటో ఉంటే తర్వాత వెళ్ళేవాళ్ళకు దారి చూపించొచ్చు.

జవాను కుటుంబం ఇంకా ఢిల్లీ వెళ్ళలేకపోతే ఈ రెండు ఫోటోలకు వాళ్ళ దృష్టిలో ఎంత విలువ ఉంటుందో చెప్పలేను. అడిగి పంపండి. వాళ్ళు అనుమతిస్తే తప్ప ఎక్కడా పోస్ట్ చేయకండి.

## 7. రిట్రీట్ సమయంలో

సాయంత్రం బలగాల జెండాలు దించే కార్యక్రమం ఇది. అమరుల కుటుంబాలవాళ్ళు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచడం కూడా ఈ వేళలోనే చూస్తారు. మీ పక్కన నిలబడ్డ పెద్దామె ఏ జవాను తల్లో మీకు తెలియదు. అందుకే ఇక్కడి పద్ధతులు కచ్చితంగా పాటించండి:

- ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. వీడియో కాల్ వద్దు
- సెల్యూట్ చప్పుడు, బ్యూగిల్ (సైనిక బాకా) వినిపించగానే మాటలు ఆపి నిటారుగా నిలబడండి
- జ్యోతికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోకండి
- కుటుంబ సభ్యుల ముఖాలను ఫోటో తీయకండి
- చప్పట్లు, నినాదాలు ఎవరైనా మొదలుపెట్టినా మీరు అందుకోకండి, అది సభ కాదు

ముందు వరుస కోసం తోసుకోనక్కర్లేదు. రెండు మూడు వరుసల వెనక నుంచి కూడా బాగానే కనిపిస్తుంది.

## 8. మర్నాడు మ్యూజియం

ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు. స్మారకం సాయంత్రం బాగుంటుంది, మ్యూజియానికి ఉదయం కావాలి. పైగా పాలం ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఇండియా గేట్ నుంచి చాలా దూరం, విమానాశ్రయం వైపు. సాధారణంగా సోమ, మంగళవారాలు సెలవు. కాబట్టి శనివారం సాయంత్రం స్మారకం, ఆదివారం ఉదయం మ్యూజియం అనుకుంటే సరిపోతుంది. మరమ్మతులు, వాయుసేన కార్యక్రమాలు ఉంటే మూసే అవకాశం ఉంది, ఆ వారం తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

దగ్గరే కదా అని సామానుతో మ్యూజియం చూసి అటే ఫ్లైట్ ఎక్కుదామనుకుంటారు కొందరు. అది వాయుసేన స్టేషన్ ఆవరణ. సూట్‌కేసులతో వెళ్తే గేటు దగ్గరే ఆగిపోతారు.

ఎలా చూడాలి: హ్యాంగర్‌లో, బయట ఉన్న విమానాలన్నీ వరుసగా ఫోటోలు తీసుకుంటూ పోతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఐదు ఎంచుకోండి. వాటిలో రెండు మాత్రం నిన్న స్మారకంలో చూసినదానికి సంబంధం ఉన్నవి కావాలి.

మొదటిది నాట్. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీదకు వచ్చిన సేబర్ జెట్లను సెఖోన్ ఒంటరిగా ఎదుర్కొన్నది ఈ రకం విమానంలోనే. దాని పక్కన నిలబడి సైజు చూడండి, చాలా చిన్నది. నిన్న కంచు ప్రతిమ కింద చదివిన నాలుగు వాక్యాల బరువు అప్పుడు తెలుస్తుంది. రెండోది లోంగేవాలాలో పోరాడిన రకం హంటర్. మూడోదిగా బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన మారుత్‌ను చూడండి. మిగతా రెండు మీ ఇష్టం: వాపిటి, స్పిట్‌ఫైర్, లిబరేటర్ లాంటి పాతవి ఉన్నాయి.

ఒక్కో దాని దగ్గర ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

- ఇందులో ఎంతమంది కూర్చుంటారు? ఎక్కడ?
- ఏ యుద్ధంలో, ఏ పనికి వాడారు?
- ఇది మనదా, శత్రువు నుంచి పట్టుకున్నదా?
- దీనితో ముడిపడ్డ ఒక మనిషి పేరు ఏమిటి?

నాలుగో ప్రశ్నకు బోర్డు మీద జవాబు లేకపోతే అక్కడి సిబ్బందిని అడగండి. ఫోటోలు మ్యూజియం హద్దులో మాత్రమే. గేటు, రన్‌వే, కాపలా సిబ్బంది వైపు కెమెరా తిప్పకండి, అది సైనిక స్థావరం.

## 9. పిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు కాగితం వాళ్ళ చేతికే ఇవ్వండి. పేరు వెతికే పని వాళ్ళది. ఇంకా చిన్నవాళ్ళయితే వరుస మార్చండి: మ్యూజియం ముందు, స్మారకం ఒక గంట చాలు. "చనిపోవడం" గురించి అడిగితే దాటవేయకండి, సూటిగా, చిన్న మాటల్లో చెప్పండి.

పెద్దవాళ్ళకు మెట్లు, ఎక్కువ నడక ఇబ్బంది. వీల్ చైర్ గురించి గేటు దగ్గరే అడగండి. వాళ్ళకు ఓపిక తక్కువైతే వీరతా చక్ర, జ్యోతి చూపిస్తే చాలు. మాజీ సైనికులు వెంట ఉంటే మాత్రం ఈ గైడ్ పక్కన పెట్టి వాళ్ళు ఎటు నడిస్తే అటు వెళ్ళండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వెంటనే చేయగలిగింది

ఆలస్యంగా చేరారు, గంటే ఉంది. పరమ్ యోధా స్థల్ వదిలేయండి. మీరు వెతికే పేరు ఉన్న గోడ, ఒక కుడ్యశిల్పం, జ్యోతి. అంతే.

పేరు దొరకలేదు. పుట్టిన ఊరితో కాదు, యూనిట్‌తో వెతకండి. ఈమధ్యే అమరుడైతే పేరు ఇంకా చేరి ఉండకపోవచ్చు.

గుంపు ఎక్కువగా ఉంది. జనమంతా జ్యోతి దగ్గరే ఉంటారు. త్యాగ చక్ర బయటి గోడల వైపు వెళ్ళండి, అక్కడ ప్రశాంతంగా ఉంటుంది.

వెంట వచ్చినవాళ్ళు విసుక్కుంటున్నారు. అందరినీ లాక్కుంటూ తిరగకండి. రిట్రీట్ వేళకు జ్యోతి దగ్గర కలుద్దామని చెప్పి విడిపోండి.

## 11. ఢిల్లీ దూరమైతే విశాఖ

ఇదే పద్ధతిని విశాఖ ఆర్కే బీచ్‌లో వాడొచ్చు. 1971 విజయానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, టీయూ-142 విమాన మ్యూజియం అన్నీ ఆ తీరం వెంబడే నడక దూరంలో ఉన్నాయి. స్మారకం దగ్గర మొదలుపెట్టి, కురుసురకు వెళ్ళి, విమానంతో ముగించండి.

కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. పొడవు 91 మీటర్లకు పైనే, కానీ లోపల దారి బాగా ఇరుకు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దాటాలి. ఇరుకు చోట్ల ఊపిరాడనట్టు ఉండేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయట నుంచే చూడటం మంచిది. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవాలి, సల్వార్ అయితే ఇబ్బంది ఉండదు.

లోపల గైడ్లుగా నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఉంటారు. వెనక నుంచి జనం తోస్తుంటే చాలామంది వాళ్ళ మాట వినకుండానే దాటిపోతారు. రద్దీ తక్కువగా ఉండే మామూలు రోజున, తెరవగానే వెళ్ళండి. సిబ్బంది నిద్రపోయే బంకుల దగ్గర ఆగి, నీటి అడుగున ఎన్నాళ్ళు ఉండేవాళ్ళు, స్నానం ఎలా, ఎవరి తర్వాత ఎవరు పడుకునేవాళ్ళు అని అడగండి.